నల్లటి నీళ్ళలో అక్క

మా చిన్నప్పుడు ఖఫ్జీలో శుక్రవారం సెలవంటే సముద్రమే... తెల్లారేసరికి నాన్న మమ్మల్ని బీచ్‌కి తీసుకెళ్ళేవాడు. కువైట్ సరిహద్దు పక్కనే మా ఊరు. విశాఖ నుంచి వెళ్ళిన నాన్న అక్కడ ఆయిల్ కంపెనీలో డైవరు... నీళ్ళ అడుగున పైపులకు వెల్డింగ్ చేసేవాడు.

నాకు ఏడేళ్ళు, అక్కకు పదకొండు. నేను గట్టున గవ్వలేరుకునేదాన్ని. అక్క మాత్రం నాన్న వీపు పట్టుకుని మునిగేది. పైకి తేలగానే, "అమ్మా, తాబేలు నా మొహంలోకి చూసిందమ్మా!" అని కేక.

"చాల్లే, ఇటు రా" అని అమ్మ మరచెంబులోంచి మజ్జిగ వంచి ఇచ్చేది...

ఆ అక్కే ఇవాళ మీరు టీవీల్లో చూస్తున్న సముద్ర పరిశోధకురాలు. "చిన్నప్పట్నుంచీ సముద్రమంటే ప్రేమట కదా" అని అందరూ నన్నడుగుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

కువైట్ కోసం యుద్ధం వచ్చింది. ఊరు ఖాళీ చేయించారు. దక్షిణాన దమ్మాం ఊళ్ళో ఒక్క గదిలో మూడు కుటుంబాలం తలదాచుకున్నాం. సైరన్ మోగితే మొహాలకు విషవాయువు మాస్కులు... అమ్మ కళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు.

యుద్ధం ఆగాక నాన్నను పనికి పిలిచారు. కొన్నాళ్ళకు మేమూ ఖఫ్జీకి తిరిగి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం కార్లు లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. కువైట్‌లో చమురు బావులు ఇంకా కాలుతున్నాయి... ఆరేసిన బట్టల నిండా మసి.

సముద్రానికి చప్పుడే లేదు. యుద్ధంలో వదిలేసిన చమురు పేరుకుని తారులా బరువుగా కదిలేది. గట్టంతా నీటికాకులు... రెక్కలు అతుక్కుపోయి, నోళ్ళు తెరుచుకుని. అక్క ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. అమ్మ సత్తు తపేలాలో సబ్బునీళ్ళు కలిపి ఇచ్చింది. కడుగుతుండగానే ఆ పక్షి తల వాల్చేసింది. మర్నాడు అక్క ఇంకోటి తెచ్చింది. ఆ మర్నాడు ఇంకోటి... ఒక్కటీ బతకలేదు.

ఆ నీళ్ళలోకే నాన్నను దించారు, పైపులు ఎక్కడ దెబ్బతిన్నాయో చూడమని. ఒళ్ళంతా దద్దుర్లతో ఇంటికొచ్చేవాడు. అన్నం సయించేది కాదు.

"మానేయండి, విశాఖ పోదాం" అంది అమ్మ.

"పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరుంది కదే. ఈ పని అయితే గానీ దేశం దాటడానికి ఎగ్జిట్ ఇవ్వనంటున్నాడు. ఇంకో పది రోజులు ఓర్చుకో."

ఆ పది రోజులు పూర్తి కాలేదు.

ఓ మధ్యాహ్నం కరీం చాచా వచ్చాడు. హైదరాబాదాయన. నాన్న దిగే లాంచీ నడిపేవాడు. గడప బయటే నిలబడిపోయాడు.

"తాడు గుంజినం భాభీ... మల్లా గుంజినం. కింద నుంచి జవాబే రాలే."

రెండు రోజులు వెతికారు. నీళ్ళలో మందుపాతరలున్నాయని మూడో రోజు ఆపేశారు. నాన్న దొరకలేదు.

అప్పుడిచ్చారు ఎగ్జిట్... ముగ్గురికి.

బయల్దేరే రోజు పొద్దున అక్క కనపడలేదు. నేనూ అమ్మా బీచ్‌కి పరిగెత్తాం. ఛాతీ లోతు నల్లటి నీళ్ళలో ఉంది. మేం చూస్తుండగానే తల ముంచేసింది. అమ్మ చీరతోనే దిగి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది.

"నువ్వూ పోదామనుకున్నావా!" అని చెంప పగలగొట్టింది.

"కాదమ్మా... కళ్ళు తెరిచి వెతికాను. లోపల ఏమీ కనపడలేదు."

అమ్మ ఇంటికి తెచ్చి సబ్బునీళ్ళతో తల రుద్దింది. ఎన్నిసార్లు రుద్దినా ఆ చమురు వదల్లేదు. చివరికి అక్క జుట్టంతా కత్తిరించేసి విమానం ఎక్కించింది.

విశాఖ వచ్చాక అక్క ఈత మానలేదు. డైవింగ్ నేర్చుకుంటానన్న రోజు అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది, అంతే...

ఒకసారి నేనే అడిగాను, "నిజంగా అంత ఇష్టమా నీకు సముద్రమంటే?"

అక్క జుట్టు ముడేసుకుంటూ అంది,

"ఇష్టమో కాదో తెలీదే. ఏ సముద్రంలో దిగినా ముందు చుట్టూ ఓసారి చూస్తాను... ఆ తర్వాతే పని."

ఖఫ్జీ నీళ్ళు ఇప్పుడు మళ్ళీ నీలంగా ఉన్నాయట. పిల్లలు ఆడుకుంటున్నారట. కొన్నిచోట్ల ఇసకలో మూరెడు లోతు తవ్వితే మాత్రం ఇంకా నల్లగానే వస్తుందట...

మీరు చిన్నప్పుడు ఆడుకున్న నీళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి? వాటి పక్కన మీకెవరు గుర్తొస్తారు? రాయండి... అక్కకు కూడా చదివి వినిపిస్తాను.