రెండు వేళ్ల వెలితి

మొన్న సూర్యాపేటలో చేపల తొట్లు అమ్మే దుకాణంలో ఒక్క ఫిల్టరు ఎంచుకోవడానికి మా ఆయనా నేనూ పడ్డ అవస్థ చూస్తే, మా పెళ్లి సంబంధం కుదిర్చిన పెద్దవాళ్లు కూడా ఇంత ఆలోచించి ఉండరనిపించింది. మన చిన్నప్పుడు ఫిల్టరంటే బిందె మూతికి కట్టిన పాత పంచె ముక్కే కదా, ఇప్పుడు చేపల నీళ్లకు కూడా ఎన్ని రకాలో! గాలి బుడగలతో నడిచే స్పాంజిది ఒకటి, తొట్టి వెనక అంచుకు తగిలిస్తే నీటిని పైకి లాగి, వడగట్టి, మళ్లీ చిన్న ధారగా తొట్టిలో పోసేది ఒకటి, కింద అరలో దాచిపెట్టి గొట్టాలు కలిపేది ఇంకొకటి. ఆ మూడోదాన్ని ముందుకు జరిపి, "మేడం, దీనికి సప్పుడే రాదు. ఇంట్ల చేపలున్న సంగతే యాదికుండది," అన్నాడు దుకాణం అతను. ఆ మాటకు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంట్లో మోటారు కాలిపోయిన మా పాత ఫిల్టరు ధార పోసే రకం, దాని చప్పుడు వెనక మా అమ్మ ఉంది.

అమ్మ సంగతి చెప్పాలంటే మిర్యాలగూడ పోవాలి. మా నాన్న అక్కడ రైసుమిల్లులో మిషను నడిపేవాడు. మిల్లు గోడ వెనక సందులోనే మా కిరాయి ఇల్లు, మిల్లు నడిచినంతసేపూ గూట్లో ఇత్తడి గిన్నెలు సన్నగా మోగుతుండేవి, కొత్తగా వచ్చిన చుట్టాలు ఈ రొదలో ఎట్లా బతుకుతున్నారమ్మా అని చెవులు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ దడదడలోనే చదువు, నిద్ర, పోట్లాటలు అన్నీ సాగిపోయేవి. అమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చేది, పిడుగు పడ్డా లేచేది కాదు గానీ మిల్లు ఆగితే మాత్రం దిగ్గున లేచి కూర్చునేది. ఒకసారి ఎవరిదో చెయ్యి బెల్టులో పడి మిల్లు ఆపేశారట, అప్పటినుంచి వేళ కాని వేళ మిల్లు ఆగిందంటే ఆమె ప్రాణం గుప్పిట్లోకి వచ్చేది. కరెంటు పోయి ఉంటుందిలే అని మేమెంత చెప్పినా వినకుండా గడప దగ్గరికి వెళ్లి సందు మొదలు వైపు చూస్తూ నిలబడేది, నాన్న కనబడ్డాకే లోపలికి వచ్చేది. మిల్లు మోగుతుంటే నాన్న బాగున్నట్టు, అంతే ఆమె లెక్క.

నాన్న పోయాక కూడా అమ్మ మా తమ్ముడితో అదే సందులో ఉండిపోయింది. కొన్నేళ్ల కిందట కంటికి శుక్లాల ఆపరేషనని సూర్యాపేట దవాఖానకు తెచ్చి, చుక్కల మందు సరిగ్గా పడాలని నా దగ్గరే ఉంచుకున్నాను. ఉంచుకున్నాననడమే గానీ ఆమె ఉంటేగా! "బిడ్డ ఇంట్ల ఎన్ని దినాలుంటనే, నలుగురు ఏమనుకుంటరు," అని మొదటి పొద్దు నుంచే సంచి సర్దుకుని కూర్చుంది. దానికి తోడు అల్లుడి ఎదుట పడదు, ఎదురుగా మాట్లాడదు. మా పెళ్లయిన నాటినుంచీ ఆయన ఇటు నుంచి వస్తే కొంగు సర్దుకుని అటు పోవడమే, ఏం కావాలన్నా నా ద్వారానే. మా కాలనీ నిశ్శబ్దంలో ఆమెకు కునుకు పట్టేది కాదు. నిద్ర లేక కన్ను ఎర్రబడింది, ఇట్లాగే ఉంటే చూపుకే మోసమని డాక్టరమ్మ కోప్పడింది. నాకు ఏడుపొచ్చింది.

బాత్‌రూము దగ్గరగా ఉంటుందని మంచం హాల్లోకి మార్చాం. చేపల తొట్టి పక్కన. ఆ మధ్యాహ్నం అమ్మ ఒళ్లెరగకుండా నిద్రపోయింది, మర్నాడూ అంతే. కన్ను తేటపడింది, ఊరి మాట తగ్గింది, మందు గుణమే అనుకున్నాం.

ఇక మా ఆయన కష్టాలు మొదలయ్యాయి. ఆయన కోదాడ మనిషి, మాట మెత్తన, పంతం గట్టి. పేపరు చదివేటప్పుడు ఆ ధార చప్పుడు గిట్టక తొట్టిని అంచుదాకా నింపేవారు, నీళ్లు నిండుగా ఉంటే ధార చప్పుడు చెయ్యకుండా కలిసిపోతుంది. తెల్లారేసరికి మళ్లీ రెండు వేళ్ల వెలితి! తొట్టి కారుతోందని బట్టముక్కతో మూలమూలా ఒత్తి చూసుకున్నారు, చేపలు తాగేస్తున్నాయేమోనని నేను వెక్కిరించాను. చివరికి ఒకనాడు నల్లద్దాలు పెట్టుకున్న మా అమ్మ, రెండు వేళ్లతో మట్టం తడిమి చూసుకుంటూ చెంబుతో నీళ్లు ముంచడం నా కంటబడింది. అడిగితే, "చేపల నీళ్లకు కరివేపాకు చెట్టు మంచిగొస్తది," అంది. నిజమే గదా అని నమ్మాను.

ఇంతలో ఆయన విసిగి, చప్పుడు రాని రకం కొని తెచ్చారు. అమ్మ మధ్యాహ్నం నిద్రలో ఉండగా పాతదాని ప్లగ్గు పీకారు. ధార ఆగింది. అమ్మ దిగ్గున లేచి, మమ్మల్నిద్దరినీ దాటుకుని గడప దగ్గరికి వెళ్లి వీధి వైపు చూస్తూ నిలబడింది. ఆ నిలబడడం నాకు తెలుసు. నాన్న పోయి ఎన్నేళ్లయిందో మరిచిపోయి నేనూ ఒక్క క్షణం వీధిలోకి చూశాను.

అమ్మ కాసేపటికి వెనక్కి తిరిగి, కొంగైనా సర్దుకోకుండా అల్లుడి మొహంలోకి చూసి మొదటిసారి మాట్లాడింది. "జర ఆ సప్పుడు ఉండనియ్యుండ్రి. అది ఇనొస్తుంటే మీ మామ మిల్లుల ఉన్నట్టే ఉంటది."

మా ఆయన ప్లగ్గు మళ్లీ పెట్టి, వంటింట్లోంచి చెంబు తెచ్చి, తానే రెండు వేళ్లు మట్టం తగ్గించి, ఆ నీళ్లు తీసుకెళ్లి కరివేపాకు చెట్టుకు పోసి వచ్చారు. కొని తెచ్చిన కొత్తదాన్ని మర్నాడే దుకాణంలో తిరిగిచ్చేశారు. వారానికని వచ్చిన అమ్మ కన్నుమూసేదాకా మా దగ్గరే ఉంది.

ఆమె లేని ఇంటికి ఇప్పుడు ఏ ఫిల్టరు తీసుకోవాలన్నదే దుకాణంలో మా సందేహం. ఆయనే ఆ ఖరీదైన డబ్బాను పక్కకు జరిపి, "చప్పుడు లేనిది మాకొద్దులే బాబూ, నీళ్లు పడేదే ఇవ్వండి," అన్నారు.

మిర్యాలగూడలో ఆ మిల్లు ఇప్పుడు లేదు, కొత్తవన్నీ ఊరి బయట గోడల చాటున నడుస్తున్నాయి. ఎవరెక్కడున్నారో ఫోను చెప్పేస్తుంది, ఒక చప్పుడు వింటూ మనిషి క్షేమమని నమ్మి నిద్రపోయే రోజులు మనతోనే సరి. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి కొత్త ఫిల్టరు ధార ఆగింది. నాకు తెలియకుండానే లేచి గడప దగ్గర నిలబడ్డాను. ఎవరి కోసమని ఆయన అడగలేదు, వచ్చి పక్కన నిలబడ్డారు.