బిందె ఎత్తని నెల

దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకోండి, మన మధ్య మొహమాటం ఏముంది. నేను చదివింది మూడో తరగతే. అయినా ఇరవై ఏళ్ల కిందట, ఇంటింటికీ ఫోన్లు రాని రోజుల్లో జరిగిన ఈ సంగతి నిన్నటి మాటలాగే చెప్పగలను.

మాది ముదిగుబ్బ దాటి లోపలికి పోతే వచ్చే మెట్ట పల్లె. అప్పటికి నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. ఆ ఏడు వాన తప్పింది. శెనగకాయ చెట్లు పీకితే కాయల కన్నా మన్నే ఎక్కువ వచ్చింది. చంటివాడు ఇంకా చంకలో ఉండగానే ఒకసారి నాకు నెల తప్పినట్టు అనిపించింది. పన్నెండు దినాలు ఎవరికీ చెప్పకుండా భయపడ్డాను. పదమూడో దినం బయట చేరినప్పుడు గొర్రెల దొడ్లోకి పోయి కూర్చొని, సంతోషంతో ఏడ్చాను. నాలుగో కాన్పు నా వల్ల కాదని ఆ రోజే తీర్మానం చేసుకున్నాను.

నెలకొకసారి ఊరికి నర్సమ్మ వచ్చేది. అంతకు ముందు ఆమె ఇచ్చిన మాత్రలు వేసుకుంటే ఎండలో కళ్లు తిరిగేవి, మానేశాను. ఈసారి నేనే పోయి ఆపరేషనుకు పేరు రాసుకోమన్నాను. ఆమె రాసుకుంటూ, మగవాళ్లకైతే ఇంకా సులువు, ఒక్క పూటలో ఇంటికి వచ్చేయొచ్చు, మీ ఆయనను అడగరాదా అంది. అరుగు మీద ఉన్న మా ఆయన ఆ మాట విని, పొద్దెక్కకముందే గొర్రెలు తోలుకొని వెళ్లిపోయాడు.

నన్ను పంపడం పంపకపోవడం మా అత్త చేతిలో ఉంది. అత్త అంటే పరాయిది కాదు, మా నాయన తోడబుట్టిన అక్క. ఎనిమిదిమందిని కని నలుగురిని దక్కించుకున్న మనిషి. ఇంకో మగపిల్లవాడు కావాలంటుందేమోనని మాటలు కూడబెట్టుకొని, సాయంత్రం ఆమె దగ్గరికి పోయాను. ఆమె అదేమీ అనలేదు. చేటలో కాయలు చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆపరేషను చేసుకుంటే నెల దినాలు బరువు ఎత్తగూడదంట గదమే. ఇంటికి నీళ్లు యాడనుంచి వస్తాయి?"

కొళాయి ఊరి చివర. కరెంటు ఉన్నంతసేపే నీళ్లు. మనుషులకు, బర్రెకు, పిల్లల గుడ్డలకు కలిపి దినానికి పదిహేను బిందెలు నేనే మోసేదాన్ని. అత్తకేమో మోకాళ్ల నొప్పి. అంతలో వెనక నుంచి మా ఆయన, నీళ్లు నేను తెస్తాలే అన్నాడు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. ఆయన కూడా అనుకున్నట్టు లేదు.

ఆసుపత్రి జీపు వచ్చింది. ఇంకో నలుగురు ఆడవాళ్లతో పోయి, కుట్లు వేయించుకొని మరుసటి దినం వచ్చాను. అత్త నన్ను అచ్చం బాలింతను చూసినట్టు చూసింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ. అందరికీ రాగి సంగటి, నాకు మాత్రం వరి అన్నం, మిరియాల కారం, కాల్చిన తెల్లగడ్డ. బిడ్డ పుట్టలేదు కదత్తా, ఇదంతా ఎందుకని నవ్వితే, కడుపు కోసినారు కదా, నోరు మూసుకొని తినమంది. ఆ కారం వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నేను పడుకున్న ఆ నడవా, ఆమె చేతి గాజులు గుర్తుకొస్తాయి.

మా ఆయన సైకిలుకు రెండు పక్కలా బిందెలు కట్టి మూడు దినాలు నీళ్లు తెచ్చాడు. నాలుగో దినం కొళాయి దగ్గర వరసకు బావ అయ్యే ఒకాయన పట్టుకున్నాడట.

"ఏమప్పా, ఆపరేషను నీకా, ఆయమ్మకా?"

అంతా నవ్వారట. మా ఆయన ఖాళీ బిందెలు తెచ్చి వాకిట్లో దించి, గొర్రెల వెంట పోయాడు. మధ్యాహ్నానికి తొట్టి అడుగు కనిపించింది. అప్పుడే బోరు మోటారు చప్పుడు వినబడింది. కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్క బిందెకు ఏమవుతుందిలే అని లేచాను. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాకిలి దాటకముందే అత్త నా చేతిలో బిందె లాక్కొని, కుంటుకుంటూ తానే బయలుదేరింది.

తరువాత జరిగింది పక్కింటామె చెప్పింది. ఆ బావ అప్పుడూ కొళాయి దగ్గరే ఉన్నాడట. ముసలామెను చూసి, కొడుకు యాడ దాక్కున్నాడని అడిగాడట. అత్త బిందె నింపుకొని, అప్పుడు అందట.

"నేను ఎనిమిదిమందిని కన్నానప్పా. ఆ కాలంలో నాకు ఎవరన్నా ఒక నెల నీళ్లు మోసింటే, నేనూ అట్లాంటి జీపులోనే పోయిండేదాన్ని. నవ్వుతాండావు గదా, ఈ బిందె నా నెత్తికెత్తు."

ఆయన ఎత్తాడు. ఎత్తి ఊరుకోలేక, ఇంకో బిందె నింపుకొని ఆమె వెనకే మా వాకిలి దాకా వచ్చాడు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి అత్త మోకాళ్లకు ఆముదం రాసుకుంటోంది. తొట్టిలో నీళ్లు చూశాడు, అమ్మ కాళ్లు చూశాడు. మర్నాడు సైకిలు చప్పుడుకే నాకు మెలకువ వచ్చింది. నెల నిండేదాకా ఆ చప్పుడు ఆగలేదు. ఏడో దినం నర్సమ్మ కుట్లు విప్పి, చుక్క చీము కూడా లేదని అత్తను మెచ్చుకుంది. తరువాతి ఏడు ఆ బావ పెళ్లాం జీపెక్కినప్పుడు, నీళ్లకు మా సైకిలే అడిగి తీసుకుపోయాడు.

ఇప్పుడు కొళాయి మా వాకిట్లోనే ఉంది. అత్త లేదు. కొళాయి దగ్గర అన్న ఆ మాట ఆమె నాతో ఎన్నడూ అనలేదు, నేనూ విన్నానని చెప్పలేదు. అప్పుడే చెప్పి, ఆ మోకాళ్లకు నా చేత్తో ఆముదం రాసి ఉంటే బాగుండేది.

మీ ఇంటి తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి తల్లీ. మీలో ఎవరు అలసిపోయినా, అడగకముందే బిందె అందుకునే చెయ్యి ఒకటి మీ ఇంట్లో ఉండాలి. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.