జేజికి తెలియని నీళ్ళు

నా చిన్నప్పుడు, ఏటికి వరద వస్తోందని ఊళ్ళో అందరికంటే ముందు మా జేజికి తెలిసేది. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. కోసిగి దాటి వెళితే తుంగభద్ర ఒడ్డున మా ఊరు. వానకాలం తెల్లవారుజామున జేజి ఏటికి పోయి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని కాసేపు పుక్కిట పట్టేది. ఎర్రమట్టి రుచి తగిలితే పైన కొండల్లో వాన పడిందనేది. కాస్త ఉప్పగా, నల్లరేగడి వాసన వేస్తే, ఎగువన మా ఏట్లో కలిసే హగరి వైపు వాన అనేది. నురగను చూసి, కొట్టుకొచ్చే ఆకులను చూసి, వరద ఎన్నాళ్ళుంటుందో చెప్పేది. ఆరుద్ర మొదలు స్వాతి దాకా ఏ కార్తెలో ఏరు ఎలా ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రుచులన్నీ నాకూ నేర్పింది.

నాకు పదేళ్ళు వచ్చేసరికి ఎగువన పెద్ద డ్యాము కట్టడం అయిపోయింది. రెండేళ్ళలోనే ఏరు వేరే ఏరైపోయింది. ఎర్రగా పొంగి, గట్టు మీది చేలల్లో ఒండ్రు పరిచి వెళ్ళే నీళ్ళు రాలేదు. జొన్న కంకులు చిన్నబోయాయి. ఎదురెక్కి వచ్చే చేపలు కనపడలేదు. ఊళ్ళో అందరూ దిగులుపడుతుంటే జేజి మాత్రం, "ఏరు అలిగిండాదిలే, మళ్ళా వొస్తాది" అనేది.

ఆ ఏడు ఎండాకాలం కూడా ఎప్పటిలాగే ఏటి నడుమ ఇసుకలో దోసపాదులు పెట్టింది. ఒక పొద్దున పాదులకు నీళ్ళు పోయడానికి మేమిద్దరం కడవ తీసుకుని బయల్దేరాం. మా ఊరి తలారి తప్పెట కొట్టుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎగువ నీళ్ళు ఇడిసినారంట. కింద కాలవకు పోవల్లంట. ఎవురూ ఏట్లోకి దిగద్దండి" అని అరుస్తున్నాడు.

జేజి ఆకాశం కేసి చూసి నవ్వింది. "మబ్బు తునక ల్యా. యాడ్నించి వొస్తాయప్పా నీళ్ళు? నేనీ ఊరికి కోడలై వొచ్చి నలభై ఏండ్లాయ. నాకు సెప్పకుండా ఏరు ఎప్పుడూ రాల్యా."

"ఇప్పుడు వాన పడితే రాదవ్వా, గేట్లెత్తితే వొస్తాది" అన్నాడతను. జేజి నా చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. నేను కలుపు తీస్తున్నాను. ఇసుక మీద గుడ్డ ఈడ్చినట్టు చిన్న చప్పుడు. తలెత్తి చూసేసరికి రెండు పక్కలా పాయలు నిండుతున్నాయి. జేజి నన్ను రెక్క పట్టి లాగి, పాదుల పక్కనున్న పెద్ద బండ మీదికి ఎక్కించింది. మా కళ్ళ ముందే పాదులు ఒక్కొక్కటీ మునిగాయి. కడవ తేలుతూ పోయింది. నురగ లేదు, ఆకు లేదు. అద్దంలాంటి నీళ్ళు.

జేజి వంగి, దోసిట పట్టి నోట్లో పోసుకుంది. ఉమ్మేసింది. మళ్ళీ పోసుకుంది.

"సల్లగా ఉండాయి. మన్ను రుచే ల్యా" అంది మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఎండ మాడుస్తోంది. బండ కాళ్ళను కాలుస్తోంది. ఎదురుగా ఊరు కనపడుతోంది, మా ఇంటి మిద్దె కూడా. ఎంత అరిచినా ఎవరికీ వినపడలేదు. చుట్టూ నీళ్ళు కొద్దికొద్దిగా పైకి పాకుతున్నాయి. మేము నిలబడ్డ చోటు చాపంతైంది. దాహమేస్తున్నా ఆ నీళ్ళు తాగాలంటే నాకు భయం వేసింది.

చివరికి జేజి కొంగు విప్పి నా నడుముకు కట్టింది. "ఈడ రేవు. నడుం లోతుకు మించదు. కండ్లు మూసుకోని దాటుతా. నా ఎనక రా" అంది. నీళ్ళలోకి దిగింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. అక్కడ ఆగిపోయింది. ఆమె కాళ్ళ కింద ఇసుక జారడం నాకు కొంగులో తెలిసింది.

"జేజీ, దాటుతామా?"

ఆమె కాలు ముందుకు చాచి అడుగు వెతికింది. తర్వాత, "తెలీదు పాపా" అంది. "ఈ నీళ్ళు నాకు తెలీవు."

వేసిన రెండడుగులూ వెనక్కి వేసి బండెక్కింది. నేనప్పుడు ఏడ్చాను. నీళ్ళను చూసి కాదు. జేజికి తెలియనిది కూడా ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. ఆమె నన్ను ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా తలారి పుట్టి వేసుకుని వచ్చాడు. పుట్టి అంటే వెదురు బుట్టకు తోలు తొడిగిన గుండ్రటి పడవ. ఊళ్ళో మేము కనపడక, పొద్దున జేజి అన్న మాట గుర్తొచ్చి వచ్చాడట. మమ్మల్ని ఎక్కించుకుని రేవు మీదుగా పోతూ గడ దించాడు. రెండు నిలువుల గడ పూర్తిగా మునిగినా అడుగు తగల్లేదు.

"వొట్టి నీళ్ళవ్వా ఇవి. మన్ను తెచ్చేది ల్యా, ఉండే ఇసక తోడుకోని పోతాండాయి" అన్నాడు. జేజి ఆ తడిసిన గడనే చూస్తూ కూర్చుంది.

మరునాడు జేజి అతని ఇంటికి వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళింది. ఊళ్ళో పురుళ్ళకూ వరదలకూ అందరూ వచ్చి సలహా అడిగే మనిషి, అతని వాకిట్లో నేల మీద కూర్చుని, "నీళ్ళు ఇడిసేది నీకెట్ల తెలుస్తాదప్పా? నాకు కొంచెం సెప్పు" అని అడిగింది. తాలూకా నుంచి కాగితం వస్తుందని, చావడి గోడకు అంటిస్తారని అతను చెప్పాడు. జేజికి చదువు రాదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నన్ను చావడికి వెంటబెట్టుకుపోయి, "సదువు పాపా, ఏటికి పోవచ్చునంటనా?" అని అడిగేది. నేను చదివి చెప్పేదాన్ని. ఏరు మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

ఇప్పుడు నాకు ఆనాటి జేజి కంటే ఎక్కువ వయసు. మనవరాలు ఏదైనా కొత్త సంగతి చెప్పబోతే, "నాకు తెలీదా ఏంటి" అనే మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు నడుము చుట్టూ తడి కొంగు బిగుసుకున్నట్టు ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, "నాకు తెలీదమ్మా, నువ్వే చెప్పు" అంటాను.