మొదటి మూట ఎవరిది?

పిండిమర నడిపే ఆయన్ని ఊరంతా బాబాయ్ అంటుంది, ఆయన కన్నా పెద్దవాళ్లతో సహా. ఇరవై ఆరేళ్ల డీజిల్ ఇంజను మోతకు చెవులు సగం మూతపడ్డాయి. మిగతా సగం భార్యకు కేటాయించాడు.

ఆ మరకు ఒక రాజ్యాంగం ఉంది. రాళ్ల సందులు నిండితే గాని అది పిండి వదలదు. అందువల్ల ఇంజను వేసినప్పుడల్లా, మొదట పోసినవారి గోధుమల్లో రెండు గుప్పెళ్లు మరకే సమర్పణం. డబ్బాలకు డబ్బాలు తెచ్చిన రోజుల్లో ఎవరూ దాన్ని నష్టం అనుకోలేదు. గోధుమల ధర పెరిగాక డబ్బాలు పోయి చిన్న చిన్న మూటలు వచ్చాయి. డీజిల్ ధర పెరిగాక, ఆరు మూటలు చేరితేనే ఇంజను వేస్తానని బాబాయ్ ప్రకటించాడు.

ఆరు మూటలు చేరేవి. మొదటి మూట మాత్రం చేరేది కాదు. రెండు వారాలుగా మర తిరగలేదు. ఈరోజు కూడా తిరగకపోతే రేపు బావమరిది వచ్చి, నీళ్లు తోడుకోవడానికి ఇంజను కొనుక్కుపోతాడు. మాట ఇచ్చింది భార్యే.

"కానివ్వండి వదినా, ముందొచ్చింది మీరేగా" అంది దర్జీ భార్య.

"నేనా? నీ వెనకాలే కదమ్మా నడిచాను!" అంది వడ్రంగి తల్లి. "ఈ మోకాళ్లతో నిన్ను దాటానంటే కళ్లు పోతాయి."

"పోయినసారి నాదే మింగింది. నా పిండి ఇంకా దాని కడుపులోనే ఉంది."

"అయితే ఇంకేం, అది తీసుకుని ఇంటికెళ్లు!"

అందరూ నవ్వారు. మూట ఒక్కటీ కదల్లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. బాబాయ్ లేచి, మర వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్లి గోధుమల డబ్బా ఎత్తాడు.

"ఎక్కడికి? రేపటికి ఉన్నవి అవే" అంది భార్య.

"రేపటికి మర కూడా ఉండాలిగా."

ఆవిడ నోరు తెరిచింది. ఆయన సరిగ్గా అప్పుడే చెవిటివాడయ్యాడు.

తన గోధుమలు తొట్టిలో పోసి ఇంజను వేశాడు. ఊరు దద్దరిల్లింది. మర రెండు గుప్పెళ్లు మింగి, మిగతాది పిండిగా వదిలింది. అంతవరకు మర్యాదలు ఒలకబోసిన ఆరుగురూ రెండో స్థానం కోసం మోచేతులతో పొడుచుకున్నారు.

మర్నాడు బావమరిది తాడుతో వచ్చి, అక్క చేతి టీ తాగి, తాడుతోనే వెళ్లాడు.

తరువాతి వారం ఆరు మూటలూ పొద్దున్నే వచ్చి గోడవారన కూర్చున్నాయి. ఈసారి వాదనల్లేవు.

"ఏం బాబాయ్, ఇంకా ఇంట్లోంచి గోధుమలు తేలేదేం? పొయ్యి మీద నీళ్లు పెట్టి వచ్చాను" అంది వడ్రంగి తల్లి.

బాబాయ్ ఇంటివైపు చూశాడు. భార్య అప్పటికే డబ్బా చంకన పెట్టుకుని వస్తోంది.

"ఇంట్లో ఇద్దరమే అనుకున్నా ఇన్నాళ్లూ" అని, మరవైపు ఓ చూపు విసిరి డబ్బా ఆయన చేతికిచ్చింది. "పొయ్యండి. మూడో మనిషికి ఆకలేస్తోంది."