కొరకని గింజ

ఊళ్ళో ఆమెను పంతులమ్మ అని పిలిచేవారు కానీ ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఎకరం, అరెకరం ఉన్న రైతులను కూడగట్టి, విత్తనం దగ్గర్నుంచి అమ్మకం దాకా ఉమ్మడిగా చేసుకునే సంఘాలు కట్టించడం ఆమె పని. పట్నంలో పది రోజులు శిక్షణ తీసుకుని వచ్చి, పదకొండేళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి నేర్పింది. ఇప్పుడామె లేదు. ఆమె చెప్పినవన్నీ మరిచిపోయినవాళ్ళకు కూడా ఆ గంప గుర్తుంది.

మొదటి పాఠం ఎప్పుడూ గంపతోనే. తలా గుప్పెడు మొక్కజొన్న గింజలు తెమ్మనేది. అన్నీ ఒకే గంపలో పోయించి, చేత్తో కలియబెట్టి, "ఇప్పుడు ఎవరివి వాళ్ళు ఏరుకోండి" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. "ఏరుకోలేరు కదా, సంఘమంటే ఇదే" అని గంప పక్కకు జరిపేది. ఆ మాటకు ఇంకో మొహం ఉందని అప్పటికి ఆమెకూ తెలియదు.

రెండో పాఠం పళ్ళతో. ఉమ్మడి గాదెలో పోసే ముందు ప్రతి బస్తాలోంచీ మూడు చోట్ల గింజ తీసి కొరికేది. టక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు, ఆ బస్తా మళ్ళీ ఎండకు పోవాల్సిందే. తేమ గింజ ఒక్క బస్తా కలిసినా గాదె మొత్తం లోపల్లోపల కాగిపోతుంది. కాగిన గింజ తినడానికి పనికొస్తుందేమో, మొలవదు.

అన్ని ఊళ్ళూ తిరిగినా సొంత ఊళ్ళో సంఘం నిలబెట్టడానికి ఆమెకు తొమ్మిదేళ్ళు పట్టింది. అడ్డం ఆమె బావగారే, అంటే భర్తకు అన్న. ఆయన దుక్కి మొదలుపెడితేనే సగం ఊరు నాగళ్ళు బయటికి తీసేది. "మా తమ్ముడి పెళ్ళాం దగ్గర నేను సేద్యం నేర్చుకోవాలా" అని ఒకసారి అన్నాడు, అంతే, ఆ ఏడు ఎవరూ రాలేదు. చివరికి మోకాళ్ళు మొరాయించి, ఒంటరిగా చేను చూసుకోలేక, ఆయనే వస్తానన్నాడు. ఆ వారంలోనే ఇరవై రెండు ఇళ్ళు చేరాయి.

పాత పిండిమర గదిని శుభ్రం చేశారు. రేకుల కప్పు, ఒకే కిటికీ, మధ్యలో గుండెల ఎత్తు చెక్క గాదె. ఇరవై ఒక్క బస్తాలూ ఆమె పళ్ళ కింద నిలిచి లోపలికి పోయాయి.

"ఒదినా, ఇవాళ్టికి నీకు భోజనం అక్కర్లేదులే" అంది పక్కింటావిడ.

"ముందు నీ బస్తా విప్పు. మాటలు తర్వాత కొరుకుతాను."

ఆఖరున బావగారి బస్తా వచ్చింది. ముందురోజు సాయంత్రం చిన్న జల్లు పడింది. ఆయనే మూతి విప్పాడు. ఆమె గింజ తీసి నోటి దాకా తెచ్చింది.

"నాదీ కొరుకుతావా అమ్మా?" అన్నాడాయన.

గొంతులో కోపం లేదు. ఉంటే ఆమె కొరికేసేదే. కాపురానికి వచ్చి ఇరవై ఏళ్ళు, ఆయన ఎదుట ఎన్నడూ కూర్చోలేదు. నలభై మంది చూస్తుండగా ఆయన గింజను పళ్ళ కింద పెట్టడమంటే, మీ మాట మీద నాకు నమ్మకం లేదని చెప్పడమే. చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"మీ గింజకు పరీక్షేంటి బావగారూ. పోయించండి."

"మాకైతే పన్ను ఊడేదాకా కొరికావు కదా పంతులమ్మా" అన్నాడు పిండిమర గది రెండో తాళంచెవి తన దగ్గర దాచే మేస్త్రి. అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది.

గింజ మాత్రం గుప్పెట్లోనే ఉండిపోయింది. ఇంటి గుమ్మంలో చూసుకుని, అటూ ఇటూ చూసి కొరికింది. చప్పుడు రాలేదు.

భర్తకు చెప్పింది. ఆయన లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరితోనూ అనకు. వారంలో విత్తేస్తారు. మొలవకపోతే వాననంటారు, పురుగునంటారు. నువ్వు నోరు విప్పావంటే అన్నయ్య ఊళ్ళో తలెత్తుకోలేడు."

ఇరవై రెండిట్లో ఒకటే కదా, అదే ఆరిపోతుందిలే అని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. మూడోరోజు గాదెలో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. రేకుల వేడి అనుకుంది. నాలుగోరోజు తలుపు తీయగానే పులిసిన వాసన. కిటికీ తెరిచి, గాలి ఆడక అనుకుంది. ఐదోరోజు పొద్దున ముక్కుపురుగులు గాదె గోడల మీద బారులు తీరి పైకి పాకుతున్నాయి, కింద ఏదో రాజుకున్నట్టు. మోచేతి దాకా చెయ్యి దించింది. జ్వరమొచ్చిన పిల్ల పొట్ట మీద చెయ్యి వేసినట్టుంది. బయట ఆకాశం ఒక పక్క నల్లబడుతోంది. ఇరవై రెండు ఇళ్ళకూ వేరే విత్తనం లేదు, ఉన్నదంతా ఇందులోనే ఉంది.

మర ముందు వేలాడే ఇనప పలకను మోగించింది. జనం వచ్చారు. బావగారూ వచ్చాడు, కర్ర ఊతంగా.

"గాదె కాగుతోంది" అంది. "వాన పడేలోపు ఎంత ఆరబెట్టుకోగలిగితే అంత మిగులుతుంది. తప్పు నాది. ఒక బస్తా కొరకకుండా పోయించాను."

"ఎవరిదమ్మా ఆ బస్తా?" అన్నాడు మేస్త్రి. ఈసారి నవ్వు లేదు.

కొరకని బస్తా ఏదో అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు.

"మావి మాకిచ్చెయ్, మేం పోతాం" అంది పక్కింటావిడ. ఒదినా అనలేదు.

"ఏరుకో" అంది ఆమె, మెల్లగా. తొమ్మిదేళ్ళు గంప ముందు కూర్చుని చెప్పిన మాటే. ఎవరూ కదల్లేదు.

అప్పుడు బావగారు గాదె దగ్గరికి నడిచి, పిడికెడు తీసి, ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. గదంతా చెవులు రిక్కించింది. టక్కుమనలేదు. ఆయన దవడ ఆగిపోయింది. గింజను ఉమ్మెయ్యకుండా మింగి, గోడకున్న చేటను తానే అందుకున్నాడు.

ప్రతి అరుగు మీదా, ప్రతి మంచం మీదా గింజలు పరిచారు. మధ్యాహ్నానికే వాన పట్టుకుంది. ఆ ఏడు చేలు పళ్ళూడిన నోళ్ళలా మొలిచాయి. ఆమె గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఆమె కూడా చాలాకాలం ఏ ఊళ్ళోనూ గంప దించలేదు.

మరుసటి ఏడు పిండిమర తలుపు తీసిన రోజు తొమ్మిది ఇళ్ళే వచ్చాయి. వరసలో ముందు బావగారి బస్తా. ఆయనే మూతి విప్పి, ఒక అడుగు వెనక్కి జరిగి, ఆమె కొరకడానికి వీలుగా మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాడు.