గౌస్ అంకుల్ విని ఎంచుకున్న పికప్

2022లో, కోవిడ్ ఆంక్షలు సడలి ఓడలు మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన రోజులవి. సింగపూర్‌లో బెడోక్‌కు దగ్గర్లో, మోటారు వర్క్‌షాపులన్నీ ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా ఉన్న ఒక భవనంలో మా ఆఫీసు. ఇక్కడ ఉన్నవాళ్లు విదేశాల్లోని పాతకాలపు కార్లూ ట్రక్కులూ కొనాలనుకుంటే, వాటిని పరీక్ష చేయించి ఓడలో తెప్పించే చిన్న సంస్థ మాది. నేను మెకానికల్ ఇంజనీరును. కొనేవాళ్లు బండి దగ్గరికి వెళ్లి చూడలేరు కాబట్టి వాళ్ల తరఫున చూడటమే నా ఉద్యోగం. ఆయా దేశాల్లో మాకు తెలిసిన మెకానిక్‌లు బండి పక్కన నిలబడి ఫోన్‌లో చూపిస్తారు. ఏది చూపించాలో, ఎక్కడ తట్టాలో ఇక్కడినుంచి నేను చెబుతాను.

ఒక శనివారం హౌగాంగ్ నుంచి ఒక జంట వచ్చారు. గౌస్ అంకుల్ ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సబీహా ఆంటీ లెక్కల టీచరుగా పనిచేశారు. ఇద్దరిదీ హైదరాబాదు, మలక్‌పేట.

"నాకు అమెరికా పికప్ కావాలమ్మా. పాతది. ముందట గుండ్రంగ, బుగ్గలు పొంగినట్టు ఉంటది చూడు, గట్లాంటిది" అన్నారు అంకుల్.

ఎందుకు అదే కావాలో కూడా చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అమెరికాలో ఒక దక్షిణాది రేవులో ఓడ ఆగినప్పుడు ఇంజిన్ గదిలో ఆయన చెయ్యి కాలింది. రేవులో సామాన్లు చేరవేసే ఒక పెద్దాయన తన పికప్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాడు. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం పక్కన బండి ఆపి, గొలుసులున్న వెనక తలుపు దించి, దాని మీద కూర్చోబెట్టి తన డబ్బాలోని రొట్టె, చేపముక్కలు చెరిసగం చేశాడు.

"ఆయన పేరు కూడ అడగలే నేను. బండి మాత్రం యాదికుంది" అన్నారు అంకుల్.

ఇలాంటి కోరికలతో వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న బండిని ఇక్కడ రోడ్డెక్కించడం కష్టమనీ, పాత ట్రక్కులకు పెద్ద శత్రువు తుప్పేననీ ఎప్పటిలాగే వివరించాను. అయినా ఆయన అదే కావాలన్నారు. అమెరికాలో ఒక పికప్ అమ్మకానికి ఉందని తెలిసి కొన్ని వారాలపాటు ఫోటోలు పంపుతూ వచ్చాను. ఆంటీ నుంచి 'థాంక్యూ బేటా' అని వచ్చేది. అంకుల్ మాత్రం ఏ ఫోటో గురించీ ఒక్క మాటా అనలేదు. నచ్చలేదేమో అనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే, "ఇంజిన్ ఎప్పుడు వినిపిస్తవ్?" అన్నారు.

పరీక్ష రోజున ఇద్దరూ మా ఆఫీసుకే వచ్చారు. పెద్ద తెరమీద బండి కనిపించింది. అద్దంలా మెరుస్తోంది. మా మెకానిక్ గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి మడ్‌గార్డు పైభాగాన పెట్టాడు, పట్టుకుంది. కిందకి జరిపాడు, జారి పడిపోయింది. తుప్పు తిన్న చోట రేకు మార్చకుండా ఫిల్లర్ అనే ముద్దను పూసి, నునుపు చేసి రంగు వేసేస్తారు. అది ఇనుము కాదు కాబట్టి అయస్కాంతం పట్టదు. క్యాబిన్ మూలల్లోనూ అంతే. తర్వాత అతను ఇంజిన్ మీద చెయ్యి పెట్టి, అప్పటికే వెచ్చగా ఉందన్నాడు. కోల్డ్ స్టార్ట్, అంటే పూర్తిగా చల్లారిన ఇంజిన్‌ని అప్పటికప్పుడు స్టార్ట్ చేయడం, పాత బండికి అసలైన పరీక్ష. మా మెకానిక్ రాకముందే వేడి చేసి పెట్టారంటే చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుందనే అనుమానించాలి.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అంకుల్ తెర నుంచి మొహం తిప్పుకొని, చెవి మాత్రం ఇటు పెట్టి కూర్చున్నారు. చాసిస్ మీద, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం మీద, ఒక పగులు కనిపించింది. "ఇదిగో చూడండి అంకుల్" అని తెరమీద వేలు పెట్టాను. ఆయన ఇటు తిరిగి, నా వేలికి మూరెడు దూరంలో, ఏమీ లేని చోట చూస్తూ తల ఊపారు.

ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "బేటా, ఆయనకు కనబడతలేదు. గ్లాకోమా. గొట్టంలకెళ్లి చూసినట్టు నడిమిట్ల జర్రంత కనబడతది. అది గూడ ఎక్కువ రోజులు ఉండదని డాక్టర్ చెప్పిండు."

అన్ని వారాలపాటు ఆయనకు ఫోటోలు పంపుతూ కూర్చున్నాను.

"కళ్లు కనబడనోడికి ట్రక్కెందుకంటవని చెప్పలేదమ్మా" అన్నారు అంకుల్. "వంపులున్నదైతే తర్వాత గూడ చేతితోటి గుర్తుపడత గదా, అందుకని అది అడిగిన."

"మరి నడిపేది?"

"నేను" అన్నారు ఆంటీ. "గేర్ల లైసెన్సే ఉంది నాకు. ఆటోమేటిక్‌ది కాదు."

ఆ క్షణం దాకా ఆంటీ ఎత్తు ఎంత, ఆమె కాలు క్లచ్‌కు అందుతుందా అన్నది నా తలలోకే రాలేదు. ముందుగా అంకుల్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఈ బండి వద్దు అంకుల్. పైన రంగు బాగుంది, లోపల గట్టిగా లేదు. ఆంటీ చేతికి దీన్ని ఇవ్వమని నేను చెప్పలేను." వెళ్లేటప్పుడు, "సరే, ఇంకోటి నువ్వే చూడు" అన్నారు గానీ, గొంతులో ఆశ లేదు. ఇక రారేమో అనుకున్నాను.

మరుసటి వారం ఆంటీ ఒక్కరే వచ్చారు. మా కింది అంతస్తు వర్క్‌షాపులో ఒక కస్టమర్ పాత ట్రక్కు రిపేరులో ఉంటే, అడిగి అందులో కూర్చోబెట్టాను. క్లచ్ సగం దాకానే నొక్కగలిగారు. వీపు వెనక దిండు పెట్టాం, పూర్తిగా దిగింది. పవర్ స్టీరింగ్ లేని ఆ పెద్ద చక్రాన్ని రెండు చేతులా తిప్పి, "రోటి పచ్చడి నూరినట్టుంది. అలవాటైతది" అన్నారు. ఆమెకు ముందుకు జరిగే సీటు కావాలి, కుడివైపు స్టీరింగ్ కావాలి, తలకాయ నొప్పి పెట్టని ఇంజిన్ కావాలి. ఇప్పుడు నేను వెతకాల్సిన బండి ఏదో నాకు తెలిసింది.

అది ఆస్ట్రేలియాలో ఒక పశువుల ఫారంలో దొరికింది. ఆ దేశం కోసమని ఫ్యాక్టరీలోనే కుడివైపు స్టీరింగ్‌తో తయారైన అమెరికన్ పికప్. కాకపోతే మొహం చదరం, వంపుల్లేవు.

"డబ్బాలెక్క ఉంటదా?" అన్నారు అంకుల్ ఫోన్‌లో.

"ఉంటుంది అంకుల్. ఒకసారి వినండి, వద్దంటే వదిలేద్దాం."

ఈసారి నేనే హౌగాంగ్‌లోని వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. వీడియో పెట్టలేదు, ఫోన్ స్పీకర్ ఒక్కటే. అవతల మా మెకానిక్ ఒక ఆవిడ. ముందు రోజు నుంచీ ఇంజిన్ ముట్టుకోవద్దని చెప్పాను. తాళం తిప్పింది. ఒకసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారి అందుకుంది, కాసేపటికి కుదురుకుంది. అంకుల్ టీ కప్పు కింద పెట్టారు.

"ఆరు సిలిండర్లు. ఒకటి జర బద్ధకంగుంది. ప్లగ్గు మారిస్తే లేస్తది" అన్నారు.

తర్వాత ఆవిడను బండి చుట్టూ వేలి ముణుకులతో తట్టుకుంటూ నడవమన్నాను. ఫిల్లర్ ఉన్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా రేకు ఖంగుమంటూనే ఉంది. తలుపు వేయించాను. ఒక్క దెబ్బకు పడింది, ఎక్కడా గలగల లేదు. చివరగా వెనక తలుపు దించమన్నాను. రెండు పక్కలా ఉన్న గొలుసులు జరజరమని జారి, బిగిసి ఆగాయి.

అంకుల్ కదల్లేదు. "ఇంకోసారి చెయ్యమను" అన్నారు. ఆవిడ ఎత్తి మళ్లీ దించింది. ఆయన కాలిన మచ్చ ఉన్న చేతిని మరో చేత్తో నిమురుకుంటూ విన్నారు.

"సబీహా, గదే చప్పుడు" అన్నారు.

"ముందుగాల నేను కూర్చుని చూడాలె గదా" అన్నారు ఆంటీ. అంటూనే కళ్లు తుడుచుకున్నారు.

బండి ఓడ దిగి, అనుమతులన్నీ వచ్చేసరికి నెలలు పట్టింది. అప్పటికి అంకుల్‌కి వెలుగూ చీకటీ తప్ప పెద్దగా తెలియడం లేదు. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి, రేకు మీద నుంచి చెయ్యి తీయకుండా బండి చుట్టూ తిరిగారు. బానెట్ మీద పొడుగునా రెండు గీతల్లా పొంగి ఉంటే అక్కడ ఆగి, "వంపులు లేవన్నవ్, ఉన్నయ్ గదా" అన్నారు. మొదటి రోజు ఆంటీ సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఇంజిన్ ఆపేశారు, వెనక టాక్సీవాడు హారన్ కొట్టాడు. మేం ముగ్గురం ఒకే పొడవాటి సీటు మీద కూర్చున్నాం. అంకుల్ చప్పుడు విని, "ఇప్పుడు మూడో గేరు" అంటున్నారు. "ఇంజిన్ నాతోటి గూడ మాట్లాడతది. జర చుప్ బైఠో" అన్నారు ఆంటీ. ఆయన అంతలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

ఇప్పటికీ ఏడాదికోసారైనా ఫోన్ వస్తుంది. ఒకసారి గేర్‌బాక్స్‌లో ఏదో అరిగిపోయిందని అంకుల్ పట్టుబట్టారు. వెళ్లి చూస్తే సీటు కింద దొర్లుతున్న ఆంటీ నీళ్ల సీసా.

అంకుల్ బండి తర్వాత నా పని తీరు మారింది. కొత్తగా వచ్చినవాళ్లకు ముందే ఫోటోలు పంపను. ఎవరు నడుపుతారు, పక్కన ఎవరు కూర్చుంటారు, బండి తీసుకుని ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను. తుప్పు ఎక్కడున్నా అయస్కాంతం పట్టిస్తుంది, ఆ సంగతులు మాత్రం మనుషులు నోరు తెరిచి చెబితేనే తెలుస్తాయి.