పెంకులు కడగడం నేర్చుకున్న మా ఆడబిడ్డ

మా ఆడబిడ్డ పోయిన కబురు కరీంనగరం నుంచి ఒక మనిషి తెచ్చాడు. ఆమె పనిచేసే చోట కావలి ఉండే ఆయన. చెప్పులు వాకిట్లో విడిచి, ఇచ్చిన నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు. ఏడవడానికంటే ముందు నేను అడిగింది, "తవ్విన గుంత కూలిందా?" అని.

"లేదవ్వా."

"పామా?"

"కాదవ్వా. జరమొచ్చింది, తగ్గలే. గంతే."

ఇన్నేళ్ళు ఆమె గురించి నేను భయపడ్డవాటిలో ఏదీ ఆమెను ముట్టలేదు. నేను ఒక్కనాడూ తలవని మామూలు జ్వరం తీసుకుపోయింది. నా ఫికరంతా వేరే తోవలో కావలి కాసింది.

మాది చెన్నూరు. నేతగాళ్ళ ఇల్లు. ఆమె నా పెనిమిటికి చెల్లెలు. పిల్లలు కలగకముందే భర్త పోతే పుట్టింటికి వచ్చి, అన్న మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేది. నూలు దొరకక మగ్గం ఆగిన దినాల్లో ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తోమిన గిన్నెలనే మళ్ళీ తోమేది. మా ఇంట్లో ఆమెను ఎవరూ ఒక మాట అనలేదు. అనకపోయినా, ఒకరి ఇంట్లో తింటున్నానన్న బరువు బరువే కదా.

ఊరి బయట పాటిగడ్డ ఉంది. ఎన్నడో ఊరుండి పాడుబడ్డ చోటు. రైతులు ఆ మన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్ళు. హైదరాబాదు సర్కారు ఇంకా ఉన్నప్పుడే, పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకు, తవ్వకాల వాళ్ళు వచ్చి అక్కడ డేరాలు వేశారు. మన్ను మోసేందుకు ఆడవాళ్ళు కావాలన్నారు. అప్పటికి మా ఆడబిడ్డకు నలభై దాటాయి.

"నేను పోత వదినె" అంది.

"నెత్తి గిట్ల తిరిగిందా పిల్లా? అది సచ్చినోళ్ళ జాగ. గాలి సోకుతది."

"సచ్చినోళ్ళది కాదు, బతికినోళ్ళది. వండుకున్నరు, తిన్నరు, కుండ పలిగితె పారేసిండ్రు. మన తీర్గనే."

పోయింది. నేను ఊరుకుంటానా? సాయంత్రం అయ్యేసరికి బకెట్ నిండా నీళ్ళు, అందులో పసుపు, గడప ముందర పెట్టేదాన్ని. కాళ్ళు కడగనిదే లోపలికి రానిచ్చేదాన్ని కాదు. ఆమె ఒక్కనాడూ విసుక్కోలేదు. "నీ ఫికరంత గీ బకెట్ల పొయ్యి వదినె, నేను కడుక్కుంట" అని నవ్వేది.

ఆమె చేతి పొందిక చూసి తవ్వకాల సారు తట్ట దింపించి పెంకులు కడిగే పని పెట్టాడు. పాత కుండల పెంకులు, గడ్డలోంచి తీసినవి. మా ఆడబిడ్డ సంబరం చూడాలి! తెల్లారి పొయ్యిలో బూడిద, ఇంత చింతపండు, కొబ్బరిపీచు మూటగట్టుకుని పోయింది. పొద్దంతా కూర్చుని, పండగకు ఇత్తడి తోమినట్టు తోమింది. వరసపెట్టి ఎండలో ఆరబెట్టింది. ఆ పెంకుల మీద ఎన్ని వందల ఏళ్ళ నుంచో నిలిచిన తెల్లటి సన్న గీతలు ఉన్నాయట. తోమిన పెంకుల మీద ఒక్క గీత మిగల్లేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా గడప బయటే కూర్చుంది. "రేపు రావొద్దన్నడు" అంది. మగ్గం వైపు చూసింది. ఇక మళ్ళీ ఆ మూలేనా అని ఆమె చూపులోనే ఉంది.

తెల్లారి నేను లేచేసరికి ఆమె లేదు. గోదావరి వైపు పోయిందేమోనని కొంగు నడుముకు చుట్టి ఉరికాను. పాటిగడ్డ మీద, డేరా ముందర నిలబడి ఉంది. సారు ఆమెకు కొడుకు వయసువాడు. తల పట్టుకుని కూర్చున్నాడు.

"కడుగుమంటె తోమినవు గదమ్మా! మళ్ళెందుకొచ్చినవు?"

"నలబై ఏండ్ల సంది తోముడే నేర్చుకున్న సారూ. కడుగుడు ఒక్క దినం నేర్పుండ్రి."

నేను పక్కన నిలబడి, ఇక తిడతాడు, ఇక తిడతాడు అనుకుంటున్నాను. చివరికి ఆయన లేచి తాంబాళంలో నీళ్ళు పోయించాడు. ఒక పెంకు తీసుకుని బొటనవేలితో మెల్లగా, పసిపిల్ల ముఖం కడిగినట్టు కడిగాడు. "మన్ను పోవాలె, గీత ఉండాలె. సమజైందా?" అన్నాడు.

సమజైంది. ఎంత సమజైందంటే, ఆ మాట మా ఇంట్లో అన్నిటికీ వచ్చింది. నేనూ ఆమే మాటామాటా అనుకుని మొహాలు తిప్పుకుంటే, తనే వచ్చి పక్కన కూర్చునేది. "మాటలు కడుక్కోవాలె గని తోముకోవద్దు వదినె" అనేది. ఇంకేం తగవు నిలుస్తుంది?

పెంకు మీద సిరాతో అంకెలు వేయాలన్నారు. ఆమెకు అంకెలు రావు. మిషను బడిలో నేను చదివిన రెండో తరగతి అప్పుడు అక్కరకొచ్చింది. అరుగు మీద తడివేలితో రాసి చూపించేదాన్ని. నేను ఆరు తిరగేసి నేర్పానేమో, దానివల్ల సర్కారు లెక్కంతా తప్పిపోయి మమ్మల్ని పట్టుకుపోతారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. ఆరు బాగానే వచ్చిందట.

తర్వాత పెంకులు కలిపి కుండలు అతకడం మొదలుపెట్టింది. చేయి తిరగాలని వాడకట్టులో పగిలిన కుండలన్నీ పోగుచేసేది. నీళ్ళు చేదేకాడ ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"పెంకులమ్మా, మా అటికె పలిగింది, కొంటవా?"

"కొన. ఉత్తగనే ఇయ్యి. నీ మొగుని నెత్తిల కొట్టినవా, కిందేసినవా, అతికినంక నేనే చెప్త."

పగిలిన కుండ ఇంట్లో ఉంచితే అరిష్టమని నేను మొత్తుకుంటే, ఆగిపోయిన మగ్గం గుంటలో దాచుకుంది. ఎన్నాళ్ళు కాళ్ళాడించి నేసిన గుంటో అది! నూలు రాని ఏడాది పెంకులతో నిండింది. తెగిన పోగును వెతికి ముడివేసే చేతులే కదా, ఏ పెంకు ఏ పెంకు పక్కదో ఓపికగా వెతికేది. ఒక్కొక్కసారి నేను కూడా కూర్చునేదాన్ని. అరిష్టం సంగతి గుర్తొచ్చి లేచేదాన్ని.

ఆంధ్రప్రదేశ్ అయినాక ఆమెను కరీంనగరం పిలిచారు. తవ్విన సామాను భద్రం చేసే చోట నెల జీతం ఉద్యోగం. బస్సు ఎక్కేటప్పుడు నేను ఎన్ని భయాలు చెప్పానో నాకే గుర్తులేదు. అన్నీ విని, "వదినె, ఇంకొకటి మర్చినవు. బస్సు టైరు పలుగుతది" అంది. డ్రైవరు కూడా నవ్వాడు.

ఒక్కసారి పోయి చూసి వచ్చాను. తను అతికిన పెద్ద కుండ చూపించింది. నడుమ ఒకచోట గీతలు లేని ఉత్త మన్ను అతుకు ఉంది. అక్కడ కూడా గీతలు దిద్దితే అందంగా ఉండేది కదా అన్నాను.

"ఆ పెంకు దొరకలే వదినె. దొరకనిదాన్ని దొరికినట్టు చెయ్యొద్దు."

"గీ వయసుల గింత కొత్త పని. ఆలిశం కాలేదా పిల్లా, పొద్దు దాటలేదా?" అని అడిగాను.

ఎన్ని వందల ఏళ్ళకో మళ్ళీ నిలబడిన ఆ కుండ మీద చెయ్యి వేసి నవ్వింది. "దీనికంటె ఆలిశమా?"

ఆమె పోయిన కబురు వచ్చిన వారానికి మా కోడలి చేతిలోంచి అన్నం వండే అటికె జారి పగిలింది. కోడలు చీపురు అందుకుంది. ఆగమన్నాను.

"ఏం జేస్తవత్తా గివి?"

తాంబాళంలో ఉత్త నీళ్ళు పోసుకుని ఒక్కొక్క పెంకూ బొటనవేలితో కడిగాను. మసి పోలేదు. పోనీయలేదు. అన్నీ దొరికాయి, ఒకటి తప్ప. పొయ్యి వెనక వెతికాను, గంప కింద వెతికాను, కాకి ఎత్తుకుపోయిందేమోనని ఇప్పటికీ ఫికరే. మిగిలినవి నులక మంచం మీద ఎండలో ఆరుతున్నాయి, కుండ తీరుగా గుండ్రంగా, నడుమ ఆ ఒక్క చోటు ఖాళీగా.